హేమకుండ్ సరస్సుకు ఒక్క రోజు నడక: శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు ఎలా సిద్ధం కావాలి

బదరీనాథ్ దర్శనానికి వెళ్లే మన జిల్లాల యాత్రికుల్లో కొందరు దారిలో గోవింద్‌ఘాట్ దగ్గర ఆగి, పైన హేమకుండ్ సరస్సు ఉందని తెలుసుకుని, ఒక రోజు కలిసివస్తే అదీ చూసి వచ్చేద్దామని అనుకుంటారు. సరస్సుకు నడక నిజంగానే ఒక్క రోజుది. పొద్దున్నే ఘాంఘరియా గ్రామంలో బయలుదేరి, సుమారు ఆరు కిలోమీటర్లు ఎక్కి, సాయంత్రానికి అదే గ్రామానికి దిగి రావచ్చు. పైన రాత్రి బసకు ఎవరినీ అనుమతించరు కూడా. అయితే సముద్రం పక్కన పుట్టి పెరిగిన మనకు ఆ ఒక్క రోజు సవ్యంగా గడవాలంటే, దానికి ముందు రెండు మూడు రాత్రులు ఎక్కడ పడుకున్నామన్నదే అన్నిటికంటే ముఖ్యం. కాళ్ల బలమూ ఖరీదైన బూట్లూ దాని తర్వాతే.

హేమకుండ్ ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో, నాలుగు వేల మీటర్లు దాటిన ఎత్తులో, చెట్లు పెరగని చోట ఉంది. చుట్టూ ఏడు శిఖరాలు, వాటి మంచు కరిగి నిండిన నీరు, ఒడ్డున సిక్కులకు పరమ పవిత్రమైన గురుద్వారా, దాని పక్కనే లక్ష్మణుడి గుడి ఉంటాయి. విజయనగరం పట్టణం సముద్రమట్టానికి వంద మీటర్ల ఎత్తున కూడా లేదు; శ్రీకాకుళం ఇంకా కిందికి ఉంది. గాలిలో ఆక్సిజన్ వాటా ఎక్కడైనా 21 శాతమే గాని, పైకి వెళ్లేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది కాబట్టి ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ మన ఊళ్లో అందేదానిలో ఘాంఘరియా దగ్గర సుమారు 70 శాతానికి, సరస్సు దగ్గర సుమారు 60 శాతానికి పడిపోతుంది. శరీరం దీనికి అలవాటు పడగలదు. కాని అందుకు దానికి గంటలు చాలవు, రాత్రులు కావాలి.

టికెట్టు కంటే ముందు డాక్టరు

ఇది మన ప్రాంతం వాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసిన విషయం. ఉద్దానం మండలాల వాళ్లు, అంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు వాళ్లు, బయలుదేరే ముందు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. ఆ ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో అందరికీ తెలిసిందే. అది మొదటి దశల్లో ఏ బాధా పెట్టకుండా లోపల ఉండిపోతుంది. కొండ ఎక్కేటప్పుడు నీళ్లు తక్కువ తాగి, మోకాళ్ల నొప్పికని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు వేసుకుంటే, బలహీనపడిన కిడ్నీలకు అదే పెద్ద దెబ్బ అవుతుంది.

రెండోది సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు. సీతంపేట, పార్వతీపురం, సాలూరు ఏజెన్సీ ప్రాంతాల గిరిజన కుటుంబాల్లో ఇది కనిపిస్తుంది. జబ్బు ఉన్నవాళ్లు ఇంత ఎత్తుకు వెళ్లకూడదు. జబ్బు లేకుండా ఆ లక్షణాన్ని మాత్రమే మోస్తున్నవాళ్లు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు గాని, ఎక్కువ ఎత్తులో వాళ్లలో కొందరికి ప్లీహం దెబ్బతినే ప్రమాదం ఉంది. అందువల్ల కుటుంబంలో ఎవరికైనా సికిల్ సెల్ ఉంటే ముందుగా పరీక్ష చేయించుకుని, డాక్టరు ఒప్పుకుంటేనే బయలుదేరండి. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, తీవ్రమైన ఆస్తమా, గర్భం ఉన్నవాళ్ల సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ఎత్తుకు శరీరం త్వరగా అలవాటు పడేందుకు అసిటజోలమైడ్ అనే మాత్ర ఉంది. దాన్ని సాధారణంగా పైకి ఎక్కే ముందు రోజు నుంచి మొదలుపెడతారు. సల్ఫా మందులు పడనివాళ్లకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఇది సరిపడకపోవచ్చు కాబట్టి, తెలిసినవాళ్లు చెప్పారని మందుల షాపులో అడిగి కొనుక్కోకండి.

రెండు నెలల అభ్యాసం

మొదటి నెలలో చేయవలసింది నడక మాత్రమే. శ్రీకాకుళంలో ఉండేవాళ్లకు కోడి రామమూర్తి స్టేడియం ఉంది, ఊళ్లలో ఉండేవాళ్లకు చెరువు గట్లు, కాలువ గట్లు ఉన్నాయి. వారానికి ఐదు రోజులు, రోజూ గంట సేపు, చెమట పట్టేలా నడవాలి. రెండో నెలలో ఎక్కడం, దిగడం మొదలుపెట్టాలి. శాలిహుండం కొండ చిన్నదే అయినా ఒకే పూటలో నాలుగైదుసార్లు ఎక్కి దిగితే తొడలకు పని తెలుస్తుంది. విజయనగరం వైపు వాళ్లు శృంగవరపుకోట దగ్గర పుణ్యగిరికి గాని, సింహాచలం మెట్ల దారికి గాని వారానికొకసారి వెళ్లవచ్చు. సింహాచలంలో వెయ్యికి పైగా మెట్లు ఉన్నాయి. హేమకుండ్ చివరి కిలోమీటరులో ఉన్న మెట్లు కూడా వెయ్యికి పైనే కాబట్టి అక్కడ చేసే అభ్యాసం నేరుగా అక్కరకు వస్తుంది. ఎక్కడం కంటే దిగడం మీద ఎక్కువ దృష్టి పెట్టండి. మోకాళ్లు మొరాయించేది దిగేటప్పుడే.

చివరి వారాల్లో ఒక రోజు మహేంద్రగిరి పెట్టుకోవాలని నా సలహా. ఒడిశాలోని గజపతి జిల్లాలో 1,501 మీటర్ల ఎత్తున్న ఆ కొండ మందస వైపు నుంచి చూసేవాళ్లకు కొత్త కాదు; మహేంద్రతనయ నది పుట్టేది అక్కడే. పైదాకా వాహనంలో పోకుండా, దారి తెలిసిన స్థానికుడిని తోడు తీసుకుని, వీపున సంచితో రోజంతా నడవండి. హేమకుండ్‌కు వేసుకోదలచిన బూట్లనే ఆ రోజూ వేసుకోవాలి. కొత్త బూట్లు ఎక్కడ కరుస్తాయో ఇక్కడే తెలిసిపోవాలి గాని ఘాంఘరియాలో కాదు.

ఇంతా చేసినా ఒక సంగతి మరచిపోకూడదు. మన కొండలు కాళ్లను తయారు చేస్తాయి, ఎత్తుకు అలవాటు చేయవు. సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడిచామన్న ధైర్యం మంచిదే, కాని ఆ నడకకు ఈ ఎత్తుతో సంబంధం లేదు. ఆర్మీ సెలక్షన్ల కోసం రోజూ పరుగు తీసే కుర్రాళ్లే ఈ విషయంలో ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి; వాళ్ల కాళ్లు వాళ్లను త్వరగా పైకి చేరుస్తాయి, శరీరం లోపలి అలవాటు మాత్రం అందరికీ పట్టినంత కాలమే వాళ్లకూ పడుతుంది.

ఎప్పుడు వెళ్లాలి, ఎలా చేరాలి

గురుద్వారా సాధారణంగా మే చివర గాని జూన్ మొదట్లో గాని తెరుచుకుని, అక్టోబరు మొదటి పక్షంలో మూతపడుతుంది. జూన్‌లో దారి మీద మంచు ఉంటుంది, సరస్సు కూడా చాలావరకు గడ్డ కట్టే ఉండవచ్చు; మంచు మీద ఎన్నడూ కాలు పెట్టని మనకు అది తగిన కాలం కాదు. జూలై, ఆగస్టుల్లో కొండలన్నీ పూలతో నిండుతాయి గాని వానలకు కొండచరియలు విరిగి రోడ్లు మూసుకుపోతాయి. సెప్టెంబరు రెండో సగాన్ని ఎంచుకోమని నేను చెబుతాను. వాన తగ్గుతుంది, ఆకాశం తేటపడుతుంది, మంచు దారిలో ఉండదు. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి విజయనగరం చేరుకోవాలనుకునేవాళ్లు ఆ ఏటి పంచాంగం చూసుకుని తేదీలు వేసుకోవాలి. అక్టోబరు మన తీరానికి తుపానుల నెల అన్నది కూడా లెక్కలో ఉంచుకోండి. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న.

విజయనగరం మీదుగా వెళ్లే సమతా ఎక్స్‌ప్రెస్ హజ్రత్ నిజాముద్దీన్ దాకా పోతుంది. ఢిల్లీకి దాదాపు ఒకటిన్నర రోజు ప్రయాణం. రిజర్వేషను 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, ఆ బండి రోజూ ఉండదు కాబట్టి ముందు రోజులు చూసుకోండి. ఢిల్లీ నుంచి హరిద్వార్, రుషికేశ్ చేరి, అక్కడ తెల్లవారకముందే కదిలే బస్సు గాని జీపు గాని అందుకుంటే సుమారు 250 కిలోమీటర్ల కొండదారిలో సాయంత్రానికి జోషీమఠ్ చేరతారు. చార్‌ధామ్ యాత్రకు ఉత్తరాఖండ్ ప్రభుత్వం పెట్టిన రిజిస్ట్రేషనులోనే హేమకుండ్ కూడా ఉంది. ఇంటి దగ్గరే పూర్తి చేసి, దాని కాగితాన్నీ ఆధార్‌నూ వెంట ఉంచుకోండి. ప్రయాణంలో ఒక రోజు ఖాళీగా మిగుల్చుకోవడం తప్పనిసరి. 2025 మార్చిలో కొండచరియ పడి గోవింద్‌ఘాట్ వంతెనే కూలిపోయింది. ఆ దారుల్లో అలాంటివి జరుగుతూనే ఉంటాయి.

సంచిలో ఏముండాలి

ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల చలి పెంచుతుంది. మనం ఇంట్లో వేసుకునే నూలు బట్టలు చెమటకో వానకో తడిస్తే ఒంటి మీద ఆరవు. ఆ తడికి గాలి తోడైతే వణుకు పుడుతుంది. ఒంటికి ఆనే చొక్కా త్వరగా ఆరే రకం సింథటిక్ గుడ్డది కావాలి, దాని మీద ఉన్ని స్వెట్టరు, అన్నిటి పైన గాలినీ వాననూ ఆపే రెయిన్‌కోటు. గొడుగు ఆ గాలిలో నిలవదు. చేతి తొడుగులు, మంకీ క్యాప్, ప్లాస్టిక్ కవరులో చుట్టిన రెండు జతల పొడి మేజోళ్లు పెట్టుకోండి. గురుద్వారాలోకి బూట్లు విప్పి, తల కప్పుకుని వెళ్లాలి. పైన తడిసిన మేజోళ్లు మార్చుకోకుండా దిగితే కాళ్లు బొబ్బలెక్కుతాయి. టార్చి, నల్ల కళ్లద్దాలు, ఓఆర్ఎస్ పొట్లాలు, పారాసిటమాల్, చిల్లర నోట్లు కూడా ఉండాలి. కోవిడ్ కాలంలో కొన్న పల్స్ ఆక్సీమీటరు ఇంట్లో ఉంటే అదీ పెట్టుకోండి, కాని దాని అంకె చూసి ధైర్యపడకండి. ఒంట్లో తెలిసే బాధే ముందు వినవలసింది. చేతికర్ర గోవింద్‌ఘాట్‌లో దొరుకుతుంది.

ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది కాబట్టి నాలుకకు అలవాటైనవే తీసుకెళ్లాలి. పలాస జీడిపప్పు, బెల్లం, వేరుశనగ ఉండలు, వేయించిన అటుకులు చాలు. పొద్దున చోడి అంబలి అలవాటున్నవాళ్లు చోడిపిండి పొట్లం పట్టుకెళితే, వసతిలో వేడినీళ్లు అడిగి కాచుకోవచ్చు.

మూడు రాత్రులు

మొదటి రాత్రి జోషీమఠ్‌లో, సుమారు 1,900 మీటర్ల దగ్గర పడుకోండి. మర్నాడు గోవింద్‌ఘాట్ చేరి, అక్కడి నుంచి జీపులో నాలుగు కిలోమీటర్లు పుల్నా దాకా వెళ్లి, లక్ష్మణగంగ వెంట తొమ్మిది పది కిలోమీటర్లు నడిస్తే ఘాంఘరియా. అది సుమారు 3,050 మీటర్ల ఎత్తు. రెండో రాత్రి అక్కడ. నిద్ర సరిగా పట్టకపోవచ్చు, అది మామూలే. ఆ రోజూ ఆ తర్వాతా సారా, సిగరెట్టు, నిద్రమాత్ర దగ్గరికి పోవద్దు.

అసలు తప్పు జరిగేది ఇక్కడే. చాలామంది మర్నాడే సరస్సుకు బయలుదేరతారు. మీరు మాత్రం ఆ రోజు సరస్సుకు పోవద్దు, వసతిలో పడుకునీ ఉండవద్దు. పూలలోయకు వెళ్లి రండి. ఆ నేషనల్ పార్కుకు 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది, దాని గేటు ఘాంఘరియాకు దగ్గరలోనే ఉంది. లోయలో మీరు తిరిగే చోటు ఘాంఘరియా కంటే మూడు నాలుగు వందల మీటర్లు ఎత్తు. పగలు కాస్త పైకి ఎక్కి, రాత్రి కిందికి వచ్చి పడుకోవడం శరీరానికి ఎత్తును అలవాటు చేసే నమ్మకమైన పద్ధతి. సెప్టెంబరులో పూలు పలచబడినా ఆ లోయ చూడదగ్గదే. మూడో రాత్రి మళ్లీ ఘాంఘరియాలో. ఆ రాత్రి అన్నం సహించి, తలనొప్పి లేకుండా ఉంటేనే మర్నాడు సరస్సుకు. అలా లేకపోతే ఖాళీగా ఉంచుకున్న రోజు ఇందుకే వాడండి.

నడక రోజు

తెల్లవారుజామున ఐదు గంటలకు కదలండి. మధ్యాహ్నానికి మేఘాలు కమ్ముకుని వాన పట్టడం అక్కడ తరచుగా జరిగేదే. పైగా రెండు గంటలకల్లా అందరినీ కిందికి పంపించేస్తారు. బయలుదేరే ముందు వేడిగా ఏదైనా తాగి, సంచిలో రెండు లీటర్ల నీళ్లు ఉంచుకోండి, దారిలో టీ దుకాణాల దగ్గర మళ్లీ నింపుకోండి.

ఆరు కిలోమీటర్లలో వెయ్యి మీటర్లకు పైగా ఎక్కుతారు. కాబట్టి వేగాన్ని నిర్ణయించవలసింది మీ మాటే: పక్కవారితో ఒక పూర్తి వాక్యం ఆయాసం లేకుండా చెప్పగలిగితే ఆ వేగం సరైనది, మాట తెగుతుంటే ఎక్కువైనట్టు. ఎక్కువసేపు కూలబడకుండా, నిలబడే చిన్న చిన్న విరామాలు తీసుకోండి. కూర్చుంటే ఒళ్లు చల్లబడి లేవబుద్ధి కాదు. గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవారు ముందుండాలి, మిగిలినవారు వారి వెనక నడవాలి. ఇది ముఖ్యం, ఎందుకంటే మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇబ్బంది పడుతున్నా పిల్లల సరదా పాడవుతుందని పైకి చెప్పరు. వెనకబడిన పెదనాన్నో, అత్తయ్యో ఒంటరిగా ఏ బాధ పడుతున్నదీ ముందు వెళ్లినవాళ్లకు తెలియదు. గంటకొకసారి ఒక్కొక్కరినీ పేరుపేరునా అడగండి: తల నొప్పిగా ఉందా, కడుపులో తిప్పుతోందా, తినబుద్ధి అవుతోందా అని.

కొంత దూరానికి అడవి అయిపోయి గడ్డి, బండరాళ్లు మొదలవుతాయి. ఇక్కడ ఎండ మాడ్చేస్తుంది, మబ్బు పడితే చలి కొరికేస్తుంది. అందుకని స్వెట్టరు తీయడం, వేయడం బద్ధకించకూడదు. వానాకాలం చివర నీలి పాపీలు, ఇంకా పైన బ్రహ్మకమలాలు కనిపిస్తాయి. మన పెరళ్లలో రాత్రిపూట పూసే మొక్క వేరు, ఇది వేరు. ఇది ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం, కోయకండి.

చివర్లో దారి రెండుగా చీలుతుంది. ఒకటి నిటారుగా మెట్లు, రెండోది గుర్రాలు కూడా పోయే మలుపుల బాట. మెట్లు దగ్గరి దారిలా కనిపిస్తాయి గాని ఆ ఎత్తులో గుండెను పరుగెత్తిస్తాయి. మలుపుల బాటే పట్టండి. గుర్రం ఎదురైతే ఎప్పుడూ కొండ వైపుకు జరగాలి, లోయ వైపుకు కాదు. గుర్రం మీద వెళ్లడంలో నామోషీ లేదు, మోకాళ్లు అరిగినవాళ్లకు అదే మంచిది. అయితే నడవకుండా ఎక్కినా ఎత్తు ఎత్తే కాబట్టి పైన చెప్పిన మూడు రాత్రులు వాళ్లకూ వర్తిస్తాయి.

బయలుదేరే ముందే ఒక గడువు పెట్టుకోండి. పన్నెండున్నర అయ్యేసరికి సరస్సు చేరకపోతే, ఎంత దగ్గర్లో ఉన్నా వెనక్కి తిరగాలి. ఇంత దూరం రైలెక్కి వచ్చి వంద మెట్ల కింద నుంచి తిరిగిపోవడం ఎవరికైనా కష్టమే. అందుకే ఆ నిర్ణయం ముందు రాత్రి, అందరూ కూర్చుని, తల తేలికగా ఉన్నప్పుడు చేసుకోవాలి.

పైన గంట సేపు చాలు. గురుద్వారా లంగరులో, అంటే ఉచిత భోజనశాలలో, వేడి కిచిడీ, టీ పెడతారు. ఆకలి లేకపోయినా నాలుగు ముద్దలు తినండి. సరస్సులో మునగడం భక్తుల ఆచారం. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు నీళ్లు తల మీద చల్లుకుని ఊరుకోవాలి, మంచులాంటి నీళ్లలో ఒక్కసారిగా దిగితే గుండె లయ తప్పవచ్చు. మిగిలినవాళ్లు కూడా మునిగీ మునగగానే పైకి వచ్చి, తడి తుడుచుకుని పొడి బట్టలు కట్టుకోవాలి. ఒడ్డున సబ్బు, షాంపూ, ప్లాస్టిక్ ఏదీ వదలకండి. దిగేటప్పుడు అడుగు చిన్నదిగా, కర్ర ముందుగా వేయండి. తడిసిన రాళ్ల మీద గుర్రపు పేడ పడి జారుతుంది.

వెంటనే దిగవలసిన సందర్భాలు

కొద్దిపాటి తలనొప్పి వస్తే ఆగి, నీళ్లు తాగి, అరగంట చూడండి. తగ్గకపోయినా, దానికి వాంతి, కళ్లు తిరగడం తోడైనా, పైకి ఇక ఒక్క అడుగు వేయకూడదు. పారాసిటమాల్ వేసుకుంటే నొప్పి మరుగున పడుతుంది గాని జబ్బు పోదు; మాత్ర వేసుకుని ఎక్కడం మాత్రం చేయకండి. విశ్రాంతిగా ఉన్నా ఆయాసం, ఆగని దగ్గు, నురగతో కళ్లె వస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. మాట తడబడటం, మతి తప్పినట్టు ప్రవర్తించడం, ఒక కాలి మడమకు రెండో కాలి వేళ్లు ఆనించి గీత మీద నడవమంటే తూలిపోవడం కనిపిస్తే మెదడు వాస్తోందని అర్థం. ఈ రెండూ ప్రాణాంతకాలు. అలాంటి మనిషి "నేను బాగానే ఉన్నాను, మీరు పదండి" అని చెప్పినా నమ్మకుండా, ఒంటరిగా వదలకుండా, గుర్రం మీదనో మనుషుల సాయంతోనో అప్పటికప్పుడు కిందికి దించాలి. దీనికి ఎత్తు తగ్గడాన్ని మించిన మందు లేదు.

ఆ రాత్రి ఘాంఘరియాలో పడుకుని, మర్నాడు పుల్నాకు దిగండి. తొడలు పట్టేసి ఉంటాయి, రెండు మూడు రోజుల్లో వాటంతటవే వదులుతాయి. కాని దిగాక కూడా ఆయాసమో దగ్గో తగ్గకపోతే, ఇంటికెళ్లాక చూపించుకుందామని రైలెక్కవద్దు. జోషీమఠ్‌లోనే ఆసుపత్రికి వెళ్లి, ఎంత ఎత్తు దాకా ఎక్కారో, ఎప్పుడు దిగారో, ఏ మాత్రలు వేసుకున్నారో డాక్టరుకు చెప్పండి.